ఆఫీసరుగారి గదిలో లైటు

"చీకటి గదిలోకి మనిషి దీపం లేకుండా ఎందుకు వెళ్తాడు మరిదీ? ఈ ఒక్కదానికి జవాబు చెప్పు, నేను సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోతాను," అంది అక్క.

ఇన్‌స్పెక్టరు చేతిలోని టార్చి ఒకసారి పైకప్పు మీదికి, ఒకసారి నా ముఖం మీదికి వేశాడు. నా ముఖం మీద వేయాల్సిన అవసరమేమిటో నాకు అర్థం కాలేదు.

ఈయన మా బావకి తమ్ముడు. అంటే అక్కకి సొంత మరిది. ఆ లెక్కన నాకూ ఆయనకీ వరస కుదిరిందని రెండు వైపుల పెద్దవాళ్ళూ పట్టుకుని కూర్చున్నారు. రెండుసార్లు మాట వచ్చింది, రెండుసార్లూ నేనే వద్దన్నాను. ఇక అక్క మీద ఆయనకున్న కోపం వేరు. ఇన్సూరెన్సు కంపెనీలో ప్రమాదాల మీద విచారణ చేసే ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఆవిడ తన కేసుల్లోనే వేలు పెడుతోందని ఆయన ఫిర్యాదు. అది నిజమే. ఆయన కేసుల్లోనే తప్పులు ఎక్కువ దొరుకుతాయని అక్క అంటుంది.

"ఫోన్లో టార్చి ఉంటుంది కదా వదినా. ఈ రోజుల్లో ఎవడైనా అదే వేసుకుంటాడు," అన్నాడు చివరికి.

"ఫోను చొక్కా జేబులో ఉంది. జేబుకి గుండీ పెట్టి ఉంది. రాసుకున్నది నీ మనుషులే. పడుతూ పడుతూ ఫోను జేబులో పెట్టుకుని, గుండీ కూడా పెట్టుకున్నాడా పాపం?"

నాకు నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. అది నవ్వే చోటు కాదు. మా కాళ్ళకి నాలుగడుగుల దూరంలో నేల లేదు.

ఒకప్పుడు అది పన్నుల శాఖ ఆఫీసు. శాఖ కొత్త భవనానికి వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంటే, ఒక కంపెనీ కొని, కింద దుకాణాలూ పైన ఫ్లాట్లూ చేస్తోంది. ముందువైపు రాతి గోడ అందంగా ఉంటుందని అలాగే ఉంచి, లోపలి భాగం మాత్రం కొట్టేస్తున్నారు. రాళ్ళూ అద్దాలూ దెబ్బ తినకుండా కిటికీలకి చెక్కలు బిగించేశారు. దాంతో మధ్యాహ్నం పూట కూడా లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు.

మేం నిలబడ్డది నాలుగో అంతస్తులో, పెద్ద ఆఫీసరుగారి గదిలో. కొత్త మెట్ల కోసం ఈ గది మధ్యలో శ్లాబు కోశారు. కింది అంతస్తుల్లోనూ సరిగ్గా అక్కడే కోశారు. నిన్న మధ్యాహ్నం కూలీలంతా కింద అన్నాలు తింటుండగా సైటు ఇంజనీరు ఆ ఖాళీలోంచి నేరుగా కింది నేల మీదికి పడ్డాడు. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు ఆ అబ్బాయికి.

సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టరు మేస్త్రీని పట్టుకెళ్ళాడు. ఖాళీ మీద మూతగా వేసిన ప్లైవుడ్ చెక్క తీసేసి ఉంది. ఆ మూత బాధ్యత మేస్త్రీది. అంతకుముందు రోజు ఇంజనీరు అందరి ముందూ మేస్త్రీ మీద గట్టిగా అరిచాడు. ఇన్‌స్పెక్టరుకి ఇంకేం కావాలి? ఈ సాయంత్రం హత్య కేసు పెట్టి కోర్టుకి పంపించడానికి సిద్ధంగా ఉన్నాడు.

పొద్దున్నే మేస్త్రీ భార్య మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "మా ఆయన కోపిష్టి మనిషే అమ్మా, కాదనను. కానీ మూత తీసి మనిషిని చంపే రకం కాదు. మూత సరిగ్గా వెయ్యకపోతే కూలీలని చెంప మీద కొట్టే రకం," అంది. తర్వాత, "ఆ అరుపులు నిజం అరుపులు కావమ్మా. అరిచాక ఇంజనీరుబాబు ఈయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడట. గోడలో చూసింది ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఏం చూశావయ్యా అంటే నాకూ చెప్పలేదు," అంది. ఇప్పుడావిడ కింద గేటు దగ్గర కూర్చుని ఉంది. సాయంత్రం లోపు ఆమె మొగుడిని బయటికి తీసుకురాకపోతే ఇక ఎన్నేళ్ళకి చూస్తుందో తెలియదు. నాకు పొద్దుటి నుంచీ ఆ ఒక్క ఆలోచనే.

ఎలక్ట్రీషియన్ని పైకి పిలిపించాం. చెవి వెనక పెన్సిలు, చేతిలో టెస్టరు. పోలీసు బట్టలు చూసి అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"పాత కరెంటుతో నాకేం సంబంధం లేదండి. మొత్తం తెంపేశాం. ఈ బిల్డింగులో పాత బల్బు ఒక్కటి కూడా వెలగదండి."

"మరి కూలీలు పని ఎలా చేస్తారు?" అక్క అడిగింది.

"స్టాండు లైట్లు ఉన్నాయి కదండి. కింది నుంచి వైరు లాగి ఇక్కడ పెట్టుకుంటారు."

"అన్నాలకి వెళ్ళేటప్పుడు?"

"కూడా పట్టుకుపోతారండి. ఇక్కడ వదిలేస్తే మాయమైపోతాయి. ఇప్పటికే చాలా పోయాయి."

"నిన్న కూడా పట్టుకెళ్ళారా?"

"ఆ. నేనే కింద ప్లగ్గు పీకానండి. అందరూ నా ఎదురుగానే తిన్నారు. మేస్త్రీ కూడా. పప్పులో ఉప్పెక్కువైందని గొడవ చేస్తున్నాడు కూడాను. అప్పుడే ధబ్బుమని చప్పుడు."

అక్క ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి వదినా. చప్పుడైనప్పుడు మేస్త్రీ కిందే ఉన్నాడు. నేను కాదన్నానా? అన్నానికి దిగే ముందే మూత తీసి పోయాడు. చీకటి. కనపడదు. తర్వాత ఇంజనీరు వచ్చాడు, పడ్డాడు. మనిషి దగ్గర ఉండక్కర్లేదు. అదే వాడి తెలివి."

"బాగుంది. మూత ఎక్కడ?"

"అదిగో, గోడకి ఆనించి ఉంది. నా వాళ్ళు కొలతలు తీసుకుని మళ్ళీ అలాగే పెట్టారు."

"ఏ ముఖం గోడ వైపు పెట్టారు?"

ఆ ప్రశ్న ఆయనకి నచ్చలేదు. "చెక్కకి ముఖమేంటి వదినా, పెళ్ళికూతురా?"

అక్క చెక్కని జాగ్రత్తగా అంచులు పట్టుకుని తిప్పమంది. నేనూ ఎలక్ట్రీషియనూ తిప్పాం. గోడవైపున్న ముఖం మీద ముగ్గు జల్లినట్టు తెల్లటి పొడి. ఆ పొడి మీద బూటు గుర్తులు, అద్దంలో చూసినంత స్పష్టంగా.

"నిన్న పొద్దున ఇక్కడ ఏం పని చేశారు?" అక్క ఎలక్ట్రీషియన్ని అడిగింది.

"పైకప్పు సున్నం గోకారండి. అన్నాలకి దిగే దాకా అదే పని. మా నెత్తులన్నీ తెల్లబడిపోయాయి."

"అంటే ఈ పొడి అన్నాలకి దిగే ముందు పడింది. దాని మీద గుర్తులు పడ్డాయంటే దిగిన తర్వాత. మరిదీ, ఆ అబ్బాయి బూట్ల ఫోటో నీ ఫోన్లో ఉంటుంది. తియ్యి."

ఇన్‌స్పెక్టరు తీశాడు. నేను పక్కనుంచి తొంగి చూశాను. అడుగున మెలికలు మెలికలుగా గీతలు, మడమ దగ్గర కంపెనీ ముద్ర. చెక్క మీద కూడా అవే గీతలు, అదే ముద్ర. కూలీలందరూ వేసుకునేవి రబ్బరు చెప్పులు.

"గుర్తులు ఎటు పోతున్నాయి? తలుపు వైపు నుంచి ఎదురుగా ఉన్న గోడ వైపు. తిరిగి వచ్చినవి ఒక్కటీ లేవు. అబ్బాయి ఈ మూత మీద నుంచే నడిచి లోపలికి వెళ్ళాడు. అప్పుడు మూత ఉంది. మేస్త్రీ కింద ఉప్పు గొడవలో ఉన్నాడు. అబ్బాయి వెనక్కి వచ్చేసరికి మూత లేదు. మధ్యలో ఎవరో లాగేశారు. ఇదిగో, తలుపు వైపు అంచున చేతులు పట్టుకున్న చోట పొడి చెరిగిపోయింది. ఇప్పుడు చెప్పు, మీ మేస్త్రీ చేతులు ఎంత పొడుగు?"

ఇన్‌స్పెక్టరు చెక్క ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఒక్క మాట మాత్రం ఆయన గురించి ఒప్పుకోవాలి. తప్పని కళ్ళ ముందు కనిపిస్తే మొండికెయ్యడు. విసుక్కుంటాడు, అంతే. లేచి స్టేషనుకి ఫోను చేశాడు. "ఆ మేస్త్రీని వదిలెయ్యండి. ఆ, ఇప్పుడే. సంతకం పెట్టించుకుని పంపించండి," అని ఫోను పెట్టేసి, "సంతోషమా?" అన్నాడు అక్కతో.

సంతోషం నాకు. కిందికి పరిగెత్తి ఆ గేటు దగ్గరావిడకి చెప్పాలనిపించింది. స్టేషను రెండు వీధుల అవతలే, పావుగంటలో మనిషే వచ్చి ఎదురుగా నిలబడతాడులే అని ఆగాను. ఎలక్ట్రీషియన్ బతుకుజీవుడా అని మెట్లు దిగిపోయాడు.

"కానీ మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది," అంది అక్క. "దీపం లేకుండా ఎందుకొచ్చాడు? చీకట్లో చెక్క మీద ఇంత తిన్నగా ఎలా నడిచాడు? గుర్తులు చూడు, ఎక్కడా తడబాటు లేదు."

నేను గోడలన్నీ తడుముతూ వచ్చాను. స్విచ్చిబోర్డు ఉండాల్సిన చోటల్లా చూశాను. తలుపు లోపలి పక్కన లేదు. ఆఫీసరుగారి బల్ల ఉండి ఉంటుందనుకున్న చోట లేదు. పైకప్పులో మాత్రం ఒక పాత ట్యూబులైటు దుమ్ము కొట్టుకుని వేలాడుతోంది. ఇంత పెద్ద గదికి స్విచ్చే లేకపోవడమేంటో నాకు అర్థం కాలేదు. అక్క ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి, ఖాళీ అంచు వెంట మెల్లగా నడిచి వెళ్ళింది. అక్కడ సున్నం పెచ్చులూడిపోయి, ఒక ఇటుక తీసేసిన కన్నం ఉంది.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు టార్చి ఆరిపోయింది. ఆయన దాన్ని అరచేతి మీద రెండు దెబ్బలు కొట్టి, ఓపిక లేక, అలవాటైన అధికారంతో గట్టిగా అరిచాడు.

"ఎవరక్కడ? లైటు!"

టక్‌మని చిన్న చప్పుడు. పైకప్పులో ట్యూబులైటు రెండుసార్లు మిణుకుమిణుకుమని, వెలిగింది.

ముగ్గురం తలుపు వైపు తిరిగాం. తలుపు చెక్కలు ఎప్పుడో పీకేశారు, ఉత్త గుమ్మం. గుమ్మం అవతల, వరండాలో, ప్రాజెక్టు మేనేజరు నిలబడి ఉన్నాడు. తెల్ల హెల్మెట్, ఇస్త్రీ నలగని చొక్కా. కాస్త వంగి, కుడి చెయ్యి గోడ పక్కన తొడ కిందికి వేలాడేసి ఉన్నాడు. మరుక్షణం నిటారుగా నిలబడ్డాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో రక్తం లేదు. తర్వాత చిరునవ్వు వచ్చింది.

నేను నోరు తెరవబోయాను. అక్క ఎప్పుడు వచ్చిందో నా పక్కకి వచ్చి మోచేతి మీద గిల్లింది. నేను నోరు మూసుకున్నాను.

"రండి మేనేజరుగారూ. మీ కోసమే అనుకుంటున్నాం," అంది తియ్యగా. అక్క అంత తియ్యగా మాట్లాడిందంటే నాకు భయం.

"ఇంత చీకట్లో ఏం చూస్తారండీ అని... ఏదో స్విచ్చి చేతికి తగిలింది. అదృష్టం," అన్నాడతను.

"అవును, అదృష్టమే. మీరు ఈ ఊరివారేనా?"

"కాదండి. నా ఉద్యోగమంతా విదేశాల్లోనే. ఈ పని ఒప్పుకున్నాకే ఈ ఊరు చూశాను."

"ఈ బిల్డింగు ఆఫీసుగా ఉన్నప్పుడు ఏదైనా పని మీద ఎప్పుడైనా వచ్చారా?"

"అవకాశమే లేదు మేడమ్. నేను చూసేసరికి ఇది ఖాళీ డొక్కు."

"ఈ గదికి ఎక్కువగా వస్తుంటారా?"

"ఇంజనీరే చూసుకునేవాడు. నేను మహా అయితే రెండుసార్లు వచ్చి ఉంటాను, అదీ కూలీలు పని చేస్తుండగా. చాలా మంచి కుర్రాడు. వాళ్ళ నాన్నగారికి ఏం చెప్పాలో తెలియట్లేదు."

"ఆ గోడ ప్లానులో కొట్టేదా, ఉంచేదా?"

"ఉంచేదే. బరువు మోసే గోడ. ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పాను." ఆ మాట చెప్పేటప్పుడు అతను గోడ వైపు చూడలేదు. మనం ఒక గోడ గురించి మాట్లాడుతుంటే కన్ను దాని మీదికే పోతుంది. అతను పనిగట్టుకుని ఇన్‌స్పెక్టరు బూట్ల వైపు చూశాడు.

అప్పుడు ఇన్‌స్పెక్టరు నోరు జారాడు.

"గోడ సంగతి మేస్త్రీ వచ్చి చెబుతాడులెండి," అన్నాడు ధీమాగా. "ఆ ఇటుక తీసినవాడు వాడే. లోపల ఏదో చూశాడు. బయటికొచ్చాక చెబుతానని స్టేషన్లో మొండికేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వదిలెయ్యమన్నాను కదా, నేరుగా ఇక్కడికే రప్పిస్తాను."

అక్క ముఖం ఎలా మారిందో నేను చూశాను. అంతకంటే మేనేజరు ముఖం మారకపోవడం చూశాను. "పోనీలెండి, నిర్దోషి బయటపడ్డాడు," అని, వాచీ చూసుకుని, మీటింగు ఉందని, ఏం కావాలన్నా ఫోను చెయ్యమని చెప్పి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళిపోయాడు. మెట్ల మలుపు తిరిగాక మాత్రం అడుగుల చప్పుడు వేగంగా వినిపించింది.

"మరిదీ, స్టేషనుకి ఫోను చెయ్యి. మేస్త్రీని ఇంకాసేపు అక్కడే కూర్చోబెట్టమను," అంది అక్క.

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి వదినా ఇది? ఇప్పుడే వదిలెయ్యమన్నారు, మళ్ళీ పట్టుకోమంటున్నారు! నా స్టేషనంటే మీ ఇంటి వీధరుగా? కిందివాళ్ళ ముందు నా పరువేం కావాలి?"

"పరువు తర్వాత. ముందు ఫోను."

"కారణం చెప్పండి, చేస్తాను. కారణం చెప్పకుండా ఒక్క నంబరు కూడా నొక్కను."

ఆవిడ పళ్ళు బిగబట్టి, ఆయన మోచెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. వరండాలో గుమ్మం పక్కన గోడ కొంచెం లోపలికి ఉంది, మనిషి ఒదిగి కూర్చునేటంత. ఆ మూలలో, గోడ రంగే పూసేసిన చిన్న చెక్క పెట్టె. అందులో రెండు స్విచ్చులు. నిలబడ్డ మనిషికి మోకాలికి కాస్త పైన. నేను దాని ముందు నుంచి రెండుసార్లు నడిచాను, కనపడలేదు.

"ఈ ఎత్తులో స్విచ్చి ఎవడైనా పెడతాడా?" అంది అక్క. "ఇది నిలబడేవాడి కోసం కాదు. స్టూలు మీద కూర్చునేవాడి కోసం. పెద్ద ఆఫీసరు తన గదిలో తాను లైటు వేసుకోడు. ఆయన కారు దిగేలోపు అటెండరు బయటి నుంచి వెయ్యాలి. ఆయన వెళ్ళాక బయటి నుంచే తియ్యాలి. ఏళ్ళ తరబడి ఈ గదిలో కూర్చున్న ఆఫీసరుకి కూడా స్విచ్చి ఎక్కడుందో తెలియదు. ఇక్కడ స్టూలు మీద కూర్చున్నవాడికి మాత్రం కళ్ళు మూసినా తెలుసు."

"మరి పాత కరెంటంతా తెంపేశారు కదా!" అన్నాను.

"అంతస్తులది తెంపారు. కరెంటు పోయినా సారుకి చెమట పట్టకూడదని ఆయన గదికి జనరేటరు నుంచి వేరే వైరు వేస్తారు. ఎలక్ట్రీషియన్ కొత్త జనరేటరు తెచ్చి పాతదాని చోటే, ఆ వైరుకే తగిలించి ఉంటాడు. ఈ గదిలో లైటు వెలుగుతుందని ఆ ఎలక్ట్రీషియన్‌కే తెలియదు. మరి ఈ ఊరికే కొత్త అన్న ఈ మేనేజరుకెలా తెలిసింది? చేతికి తగిలిందట! వంగితే కానీ తగలని చోట!"

ఇన్‌స్పెక్టరు స్విచ్చి వైపు, తన చేతి వైపు చూసుకున్నాడు. వంగి చూశాడు. "కానీ అంత తెలివైనవాడు మన ముందే ఎందుకు వేస్తాడు వదినా?"

"వాడు వెయ్యలేదు. నువ్వు వేయించావు. లోపలి నుంచి ఆఫీసరు గొంతు 'లైటు' అని అరిచింది. ఏళ్ళు గడిచినా ఆ చెయ్యి ఊరుకోలేదు. బుర్రకి తెలిసేలోపే వంగింది."

నిన్న జరిగింది నా కళ్ళకి కట్టింది. గోడలో చూసిన సంగతి ఇంజనీరు మేనేజరుకే చెప్పి ఉంటాడు. మేనేజరు వెలుగుతున్న గదిలోకి అతన్ని పిలిచి, ఏం చూశావో చూపించమని పంపి, అతను కన్నానికి కన్ను ఆనించి ఉండగా మూత లాగి, బయటికొచ్చి స్విచ్చి నొక్కి ఉంటాడు. చీకటి పడగానే ఎవరైనా ఏం చేస్తారు? వరండా చివరి ఖాళీలోంచి వెలుతురు పడుతున్న గుమ్మం వైపు నడుస్తారు. ఆ అబ్బాయి అలాగే నడిచాడు.

"గోడలో ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చూసి నువ్వే చెప్పు."

ఆయన నా ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళి, కన్నంలోకి వెలుగు వేసి తొంగి చూశాడు. నేను ఊహించినంత సేపు చూడలేదు. వెంటనే వరండాలోకి వచ్చి, ఫోను నా చేతిలో పెట్టి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆఫీసర్లకి పక్క దారి ఉండేది," అన్నాడు నెమ్మదిగా. "బయట జనం ఎదురు చూస్తున్నప్పుడు తప్పించుకుని పోవడానికి. ఆ దారి ఇది. ఇటుకలు పేర్చి మూసేశారు. లోపల... కూర్చున్నట్టుగా ఉన్నాడు. మెడలో టై ఇంకా ఉంది."

నాకు తెలుసు, అక్కకి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట పన్నుల శాఖ పెద్ద ఆఫీసరు కనిపించకుండా పోయాడు. ఎవరితోనో లేచిపోయి విదేశంలో కాపురం పెట్టాడని పేపర్లు రాశాయి. ఆయన భార్య తల ఎత్తుకోలేక ఇల్లు మారిపోయింది. అప్పట్లో ఆఫీసులో సున్నాలు, రిపేర్లు జరుగుతున్నాయి. ఒక పక్క దారి మూసేస్తే ఒక సెక్షను వాళ్ళు ఇంకో సెక్షను వాళ్ళు చేయించారనుకుని ఉంటారు. ప్రభుత్వాఫీసులో గోడ ఎందుకు కట్టారని అడిగేవాడు ఉండడు.

"ఆ కేసు చూసింది నేనే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కొత్తగా ఉద్యోగంలో చేరాను. 'సారు సాయంత్రం పక్క దారిన వెళ్ళిపోయారండి, నేనే లైటు తీశాను' అని అటెండరు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. పారిపోయాడని తేల్చేశాను. ఈ వరండాలోనే, వాడి స్టూలు పక్కనే నిలబడి."

"వాడి ముఖం గుర్తు లేదా?" నేను అడిగాను. కావాలని అన్న మాట కాదు.

"స్టూలు మీద కూర్చున్నవాడి ముఖం ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయన మీద నాకు మొదటిసారి జాలి వేసింది. అదే మాట ఆయన్ని ఎంతగా కోస్తోందో ముఖంలో కనిపిస్తోంది. "ఈ సైటులో లైట్లు పోయాయన్న ఫిర్యాదు మీద వస్తూ, పోయిన నెల నుంచీ ఈ మేనేజరుతో కలిసి కాఫీ తాగుతున్నాను. చేతిలో చెయ్యి వేసి మాట్లాడాను."

"అటెండరు మేనేజరు ఎలా అయ్యాడో, ఆఫీసరుని ఎందుకు చంపాడో తర్వాత తేలుద్దాం," అంది అక్క. "ఈ గోడని కాపలా కాయడానికే వాడు ఈ పని ఒప్పుకున్నాడు. లోపల చూసినవాళ్ళు ఇద్దరు. ఒకడు పోయాడు. రెండోవాడు ఎక్కడున్నాడో, ఎప్పుడు బయటికొస్తాడో నువ్వే విప్పి చెప్పావు. ఇప్పటికైనా ఫోను చెయ్యి!"

ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కాడు. స్టేషనులో ఎవరో ఎత్తారు. ఆయన విని, "ఎవరి కారు?" అని అడిగాడు. మళ్ళీ విన్నాడు. ఫోను దించాడు.

"వెళ్ళిపోయాడట. కంపెనీ కారు వచ్చి తీసుకెళ్ళిందట."

అప్పుడు నా ఫోను మోగింది. మేస్త్రీ భార్య. పొద్దున ఏడవని మనిషి, ఇప్పుడు ఏడుస్తోంది. నవ్వుతూ ఏడుస్తోంది.

"అమ్మా, మా ఆయన వచ్చేశాడమ్మా! మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మేనేజరుగారు స్వయంగా కారు పంపించి తెప్పించారు. దేవుడమ్మా ఆయన! ఈ పూట నుంచే పనిలోకి రమ్మన్నారు."

"ఎక్కడున్నాడు? మీ ఆయన ఎక్కడున్నాడు?" నేను అరిచాను. అక్క అప్పటికే వరండా చివరికి పరిగెడుతోంది. అక్కడ సామాన్లు మోసే బయటి లిఫ్టు కోసం కిటికీ పగలగొట్టి గోడంత ఖాళీ చేశారు.

"ఇప్పుడే పైకి ఎక్కారమ్మా, మేనేజరుగారూ ఆయనా. డాబా మీద పిట్టగోడ కొట్టెయ్యాలట. ఎక్కడిదాకా కొట్టాలో చూపిస్తారట."

ఇనుప చక్రాలు కీచుమన్నాయి. నేను అక్క వెనకాల చేరేసరికి లిఫ్టు మా ముందు నుంచే పైకి వెళ్ళిపోతోంది. జాలీ లోపల ఇద్దరు. తెల్ల హెల్మెట్ మా వైపు తిరిగి, అక్క కళ్ళల్లోకి చూసింది, దాచడానికి ఇంకేమీ లేదన్నట్టు. పక్కన ఉన్న లావుపాటి మనిషి మమ్మల్ని చూడలేదు. అతను కిందికి వంగి, గేటు వైపు చూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

అక్కా ఇన్‌స్పెక్టరూ మెట్ల వైపు పరిగెత్తారు. ఫోను నా చెవి దగ్గరే ఉండిపోయింది.

"అదిగోనమ్మా," అంటోంది ఆవిడ, "నాకు చెయ్యి ఊపుతున్నాడు."